యూనిట్‌కు ఫీల్డ్ ఆర్డర్ వచ్చాక సైన్యం వదలొచ్చా? ముందస్తు డిశ్చార్జి అసలు ఎలా నడుస్తుంది

సంక్షిప్తంగా: సైనికుడు గడువుకు ముందే ఉద్యోగం మానుకోవచ్చు. అయితే అది అతని హక్కు కాదు, పైఅధికారి మంజూరు చేయాల్సిన అర్జీ. యూనిట్ సరిహద్దుకు కదలబోతున్నప్పుడు ఆ అర్జీ తిరస్కారానికి గురయ్యే అవకాశమే ఎక్కువ. అర్జీ పెండింగ్‌లో ఉందని ప్రయాణం ఆగదు. 15 ఏళ్ల సర్వీసు నిండకపోతే పింఛను రాదు. సెలవు మీద ఇంటికొచ్చి తిరిగి వెళ్లకపోవడం మాత్రం వీటన్నిటికీ పూర్తిగా వేరు. అది నేరం.

తిరుమలగిరి, బొల్లారం, గోల్కొండ, మెహదీపట్నం చుట్టుపక్కల సైనిక కుటుంబాల్లో ఈ ప్రశ్న కొత్తది కాదు. యూనిట్ రెండు మూడేళ్లు పీస్ స్టేషన్‌లో, అంటే సరిహద్దు విధులు లేని శాంతి ప్రాంతంలో ఉంటుంది. తర్వాత ఫీల్డ్‌కు, అంటే జమ్మూకశ్మీర్‌కో లద్దాఖ్‌కో ఈశాన్యానికో కదలాలని ఆర్డర్ వస్తుంది. ఇంట్లో తండ్రికి డయాలసిస్ నడుస్తుంటుంది, లేదా భార్యకు నెలలు నిండుతుంటాయి, లేదా పొలం తగాదా కోర్టులో ఉంటుంది. ‘ఇప్పుడే మానేస్తే సరి’ అన్న ఆలోచన సరిగ్గా అప్పుడే పుడుతుంది. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టిన తొలి అగ్నివీరుల నాలుగేళ్ల గడువు దగ్గర పడటంతో, మధ్యలో మానేస్తే ఏమవుతుందన్న సందేహం ఆ ఇళ్లలోనూ వినిపిస్తోంది.

రాజీనామా కాదు, అర్జీ

మాదాపూర్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి 90 రోజుల నోటీసిస్తే, కంపెనీకి ఇష్టం ఉన్నా లేకున్నా 91వ రోజున అతను బయటికి నడవొచ్చు. సైన్యంలో అలాంటి నోటీసు లేదు. రాజ్యాంగంలోని 33వ అధికరణం సాయుధ బలగాల విషయంలో ప్రాథమిక హక్కులను కుదించే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. 1950 ఆర్మీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, నిర్దేశించిన అధికారి నిర్దేశించిన పద్ధతిలో విడుదల చేస్తేనే సైనికుడు సర్వీసు నుంచి బయటపడతాడు.

ఆ పద్ధతి 1954 ఆర్మీ నిబంధనల్లోని 13వ నిబంధనలో ఉంది. ఎవరిని ఏ కారణంతో ఎవరు డిశ్చార్జి చేయొచ్చో అక్కడ ఒక పట్టికగా ఇచ్చారు. సిపాయి నుంచి హవల్దారు వరకు, ఎన్‌రోల్‌మెంట్ షరతులు నెరవేరకముందే తానుగా కోరుకుంటే, మంజూరు చేయాల్సింది కమాండింగ్ ఆఫీసర్. సైన్యంలో అందరూ సీవో అనేది ఆయననే. అయితే ఆయన చేతికీ రెండు షరతులు కట్టారు. అర్జీని మంజూరు చేయడం సమంజసమని ఆయనకు అనిపించాలి. దానివల్ల యూనిట్ బలం మితిమీరి తగ్గకూడదు. ఈ రెండో షరతే మొత్తం వ్యవహారానికి ఇరుసు.

న్యాయస్థానాలూ ఇదే మాట అన్నాయి. అనుమతి లేకుండా పౌర ఉద్యోగానికి దరఖాస్తు చేసుకుని, ఎంపికయ్యాక విడుదల చేయమన్న ఒక ఎయిర్‌మన్ (వైమానిక దళ సైనికుడు) కేసులో 2019లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఒప్పుకున్న గడువు మధ్యలో తన ఇష్టానుసారం వెళ్లిపోయే హక్కు బలగాల్లో చేరినవారికి లేదన్నది దాని సారాంశం. అంతకుముందు 2000లో, సర్వీసు పొడిగింపునకు సంతకం చేసి తర్వాత మనసు మార్చుకున్న నౌకాదళ సిబ్బంది విషయంలోనూ కోర్టు నౌకాదళం వైపే నిలిచింది. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టే ముందే ఇంట్లో మాట్లాడుకోవాల్సింది అందుకే. ఆ సంతకాన్ని తర్వాత వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ఆర్డర్‌కు ముందు, ఆర్డర్ తర్వాత

చట్టంలో ‘యూనిట్‌కు మూవ్ ఆర్డర్ వస్తే డిశ్చార్జి ఆపాలి’ అన్న వాక్యం ఎక్కడా కనిపించదు. మారేది సీవో ముందున్న లెక్క. పీస్ స్టేషన్‌లో ఒక డ్రైవర్ తగ్గితే పక్క ట్రూపు నుంచి సర్దుకుంటారు. ఫీల్డ్‌కు వెళ్లే ముందు ప్రతి పోస్టుకు, ప్రతి గస్తీకి, ప్రతి రేడియో సెట్టుకు పేర్లు రాసుకుని ఉంటారు. అడ్వాన్స్ పార్టీ ముందే వెళ్లి పాత యూనిట్ దగ్గర బాధ్యతలు స్వీకరిస్తుంటుంది. ఎత్తైన ప్రాంతమైతే ఇబ్బంది ఇంకా ముదురుతుంది. 9,000 అడుగులు దాటిన తొలి దశలో 6 రోజులు, 12,000 దాటాక 4 రోజులు, 15,000 దాటాక మరో 4 రోజులు శరీరాన్ని అలవాటు చేయాలి. అంటే చివరి నిమిషంలో ఒకరు తప్పుకుంటే, అతని బదులు వచ్చినవాడు పై పోస్టు చేరడానికి అలవాటుకే రెండు వారాలు పోతాయి. ఆ రెండు వారాలూ అతని పహరా పక్కవాడి మీద పడుతుంది. సీవో కాదనడానికి చాలాసార్లు అసలు కారణం ఇదే.

అందుకే ఒకే జవాను, ఒకే కారణంతో, ఆర్డర్‌కు ఆరు నెలల ముందు పెట్టిన అర్జీకీ, ఆర్డర్ వచ్చిన వారానికి పెట్టిన అర్జీకీ ఫలితం వేరుగా ఉండొచ్చు. రెండో అర్జీలో కారణం ఎంత నిజమైనదైనా, దాని తేదీయే దానికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. సమస్య పాతదని చూపించే కాగితాలు, అంటే ఆస్పత్రి రికార్డులు, కోర్టు వాయిదాల పత్రాలు, అంతకుముందు పెట్టిన సెలవు దరఖాస్తులు ఉంటేనే ఆ అనుమానం తొలగుతుంది.

యుద్ధ పరిస్థితి వస్తే ఇంకో తాళం పడుతుంది. గడువు ముగిసినవారిని వీలైనంత త్వరగా డిశ్చార్జి చేయాలని 11వ నిబంధన చెబుతూనే, కేంద్రం డిశ్చార్జిలను నిలిపివేస్తే ఆ హక్కు వర్తించదని అక్కడే మినహాయింపు పెట్టింది. గడువు పూర్తిచేసినవాడినే ఆపగలిగినప్పుడు, గడువుకు ముందు వెళ్తానన్నవాడి స్థితి చెప్పనక్కర్లేదు. 2001 డిసెంబరులో మొదలైన ఆపరేషన్ పరాక్రమ్‌లో బలగాలు దాదాపు 10 నెలలు సరిహద్దులోనే ఉన్నాయి. ‘కొద్ది వారాల్లో తిరిగొస్తారు’ అన్న అంచనాతో ఇంటి వ్యవహారాలు వాయిదా వేసుకోవడం ఎంత ప్రమాదమో ఆ 10 నెలలు చూపించాయి.

అర్జీ నడిచే దారి

మొదటి మెట్టు సొంత కంపెనీ లేదా బ్యాటరీ కమాండర్‌తో ఇంటర్వ్యూ. సుబేదార్ ద్వారా అడిగి, అక్కడి నుంచి సీవో ఇంటర్వ్యూకు వెళ్లాలి. మెట్లు దాటేసి పైవారికి నేరుగా ఉత్తరం రాస్తే, అది తిరిగి యూనిట్‌కే వస్తుంది. పోయిన కాలం జవానుదే.

అర్జీలో ఉండాల్సింది ఒకే స్పష్టమైన కారణం. ‘కుటుంబ సమస్యల వల్ల’ అని ఒక్క ముక్కలో రాసేస్తే ఆ కాగితం మీద ఎవరూ నిర్ణయం తీసుకోలేరు. తల్లిదండ్రుల అనారోగ్యమైతే ఆస్పత్రి పత్రాలు, ఇంట్లో చూసుకునే మరో పెద్ద దిక్కు లేరని తహసీల్దారు ధ్రువీకరణ, భూ తగాదా అయితే కేసు నంబరుతో కోర్టు కాగితాలు జతచేయాలి. ఇంటి పరిస్థితిని విచారించి లేఖ ఇవ్వడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. భార్యో తండ్రో అక్కడికి వెళ్లి దరఖాస్తు ఇవ్వొచ్చు, జవాను స్వయంగా రానక్కర్లేదు. ఈ సంగతి తెలియక చాలామంది సెలవు కోసం ఎదురుచూస్తూ నెలలు పోగొట్టుకుంటారు.

స్వచ్ఛందంగా కోరుతున్నానని, దానివల్ల పోయే ప్రయోజనాలు తెలుసని రాసి సంతకం చేయాలి. సీవో మంజూరు చేస్తే కాగితాలు ఆ రెజిమెంటు రికార్డ్ ఆఫీసుకు వెళ్తాయి. వాహనాలు, యంత్రాల మరమ్మతు విభాగమైన ఈఎంఈ, ఆయుధ సామగ్రి సరఫరా విభాగమైన ఏవోసీ వారివి సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ వారిది నాసిక్ రోడ్‌లో ఉంది. అక్కడి నుంచి డిశ్చార్జి ఉత్తర్వు, తర్వాత రిలీజ్ మెడికల్ బోర్డు, కిట్ అప్పగింత, బకాయిలు లేవన్న పత్రం, ప్రావిడెంట్ ఫండు, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ లెక్కలు వరుసగా నడుస్తాయి.

దారిలో పని చెడేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే. సర్వీసు రికార్డులో భార్య పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటుంది. పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్లలో, అంటే జవాను వివరాలను నమోదు చేసే యూనిట్ ఉత్తర్వుల్లో ఎక్కకుండానే ఉండిపోతాయి. బ్యాంకు ఖాతా జాయింటుగా ఉండదు. ఇంటిపేరు ముందుండే తెలుగు పేర్లు హిందీ గుమస్తా చేతిలో తారుమారు కావడం మరీ ఎక్కువ. డిశ్చార్జి ఆలోచన లేకపోయినా, ఫీల్డ్‌కు వెళ్లే ముందు ప్రతి జవానూ ఈ పేర్లను సరిచూసుకోవడం అవసరం. ఏదైనా జరగరానిది జరిగితే కుటుంబానికి డబ్బు ఆలస్యమయ్యేది ఇక్కడే.

మెడికల్ బోర్డును మొక్కుబడిగా దాటేయకూడదు. సర్వీసు వల్ల వచ్చిన, లేదా సర్వీసు వల్ల ముదిరిన వైకల్యం 20 శాతానికి తగ్గకుండా నమోదైతేనే డిసెబిలిటీ ప్రయోజనానికి దారి ఉంటుంది. త్వరగా ఇంటికి పోవాలని ‘ఏ బాధా లేదు’ అని రాసిచ్చినవారు, తర్వాత అదే మోకాలు నొప్పికి పత్రం లేక తిరుగుతారు.

డిశ్చార్జికి ముందు చూడాల్సినవి

చాలా ఇళ్లలో కావాల్సింది ఉద్యోగం మానడం కాదు, కొంతకాలం ఇంటి దగ్గర ఉండటం. దానికి చిన్న దారులు ఉన్నాయి. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. మూవ్‌కు ముందే వార్షిక సెలవులో కొంత వాడుకుని ఆపరేషన్ తేదీ గానీ కోర్టు వాయిదా గానీ ముగించుకోవచ్చు. సమస్య దీర్ఘమైతే కారుణ్య పోస్టింగ్, అంటే ఇంటి కష్టం దృష్ట్యా కొంతకాలం ఇంటికి దగ్గరి చోట పోస్టింగ్ అడగొచ్చు. దానికీ పైన చెప్పిన ధ్రువీకరణలే కావాలి, కాబట్టి సేకరించిన కాగితాలు వృథా కావు. డిశ్చార్జి మంజూరైతే వెనక్కి దారి దాదాపు ఉండదు. కారుణ్య పోస్టింగ్ ముగిశాక ఉద్యోగం ఉంటుంది. రెండూ తెరిచి ఉన్నప్పుడు రెండోదే ముందు అడగడం తెలివి.

ఆరోగ్య కారణం నిజంగా ఉంటే నిర్ణయించేది మెడికల్ కేటగిరీ. మానసిక స్థితి, వినికిడి, అవయవాలు, శారీరక సామర్థ్యం, కంటిచూపు అనే ఐదింటిని కలిపి షేప్ అంటారు. ఐదింటా ఒకటో గ్రేడు ఉంటే పూర్తి ఫిట్. గ్రేడు తగ్గితే ఎత్తైన ప్రాంతాలకు పంపకూడదనో, బరువు మోయించకూడదనో పరిమితులు రాస్తారు. సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్‌లో చూపించుకుని రికార్డు చేయించుకోవాలి, ప్రైవేటు క్లినిక్ చీటీ ఒక్కటీ సరిపోదు. నిద్ర పట్టకపోవడం, భయం, కుంగుబాటు కూడా ఇక్కడ చెప్పదగ్గ జబ్బులే, దాచాల్సినవి కావు. లేని జబ్బు నటించడం, కావాలని గాయం చేసుకోవడం మాత్రం ఆర్మీ చట్టం 46వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడే నేరం.

15 ఏళ్ల గీత

సిపాయికి సర్వీసు పింఛను రావాలంటే కనీసం 15 ఏళ్లు పనిచేయాలి. అధికారికైతే 20 ఏళ్లు. గీతకు ఇవతల ఆగిపోతే ఏం వస్తుందో ఒక లెక్క చూడొచ్చు. సరిగ్గా 14 ఏళ్ల 6 నెలలకు వెళ్లిపోయిన జవానుకు 29 అర్ధ సంవత్సరాలు లెక్కలోకి వస్తాయి. ఒక్కో అర్ధ సంవత్సరానికి అర నెల వేతనం చొప్పున సర్వీసు గ్రాట్యుటీ పద్నాలుగున్నర నెలల వేతనం. ఒక్కోదానికి పావు నెల చొప్పున రిటైర్‌మెంట్ గ్రాట్యుటీ ఇంకో ఏడుంపావు నెలలది. రెండూ కలిపి 22 నెలల వేతనానికి కాస్త తక్కువ. ఇంకో ఆరు నెలలు ఉండి ఉంటే చివరి వేతనంలో సగం జీవితాంతం, అతని తర్వాత భార్యకు కుటుంబ పింఛను, మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ కింద వైద్యం వచ్చేవి.

పోయేది పింఛను ఒక్కటే కాదు. పింఛను సంపాదించకుండా సొంత కోరికపై వెళ్లినవారు మాజీ సైనికుడి నిర్వచనంలోకి రారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో మాజీ సైనికుల కోటా, వయసు సడలింపు చేజారతాయి. కోటా మీద ఆశతోనే త్వరగా బయటపడాలనుకునేవారు తమ కాళ్ల కింది నేలను తామే తవ్వుకుంటున్నారని గ్రహించాలి. 15 ఏళ్లు దాటి సొంత కోరికపై వెళ్లేవారికి పింఛను ఉంటుంది. కానీ 2015 నవంబరు ఉత్తర్వు ప్రకారం ఒకే ర్యాంకు ఒకే పింఛను పథకం వారికి వర్తించదు. ఆ షరతు న్యాయస్థానాల్లో సవాలుకు గురైంది.

అగ్నివీరులకు వేరే లెక్క

నాలుగేళ్లు నిండకుండా సొంత కోరికపై వెళ్లడానికి అగ్నిపథ్ నిబంధనలు మామూలుగా ఒప్పుకోవు. అసాధారణ పరిస్థితుల్లో మాత్రమే, తగిన అధికారి అనుమతితో వదులుతారు. అప్పుడు నాలుగేళ్ల చివర ఒకేసారి చేతికొచ్చే సేవానిధిలో తాను జమచేసినది వడ్డీతో ఇస్తారు, ప్రభుత్వ వాటా ఇవ్వరు.

అంకెల్లో ఇలా ఉంటుంది. తొలి ఏడాది నెల వేతనం 30,000, రెండో ఏడాది 33,000. అందులో 30 శాతం, అంటే నెలకు 9,000, ఆపై 9,900 నిధికి పోతుంది. రెండేళ్లు నిండి బయటికొస్తే చేతికొచ్చేది 2,26,800 రూపాయలు, దానిపై వడ్డీ. ప్రభుత్వం జోడించాల్సిన మరో 2,26,800 పోతుంది. నాలుగేళ్లూ ఉంటే సొంత జమ 5.02 లక్షలు, ప్రభుత్వ జమ మరో 5.02 లక్షలు, వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలు వస్తాయి. తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందిని శాశ్వత కేడర్‌లోకి తీసుకుంటారు. అగ్నివీరుడికి సెలవు ఏడాదికి 30 రోజులే కాబట్టి, ఇంటి అవసరాన్ని సెలవుతో సర్దుకునే వీలు పాత జవాను కంటే తక్కువ. ఒత్తిడి వీళ్ల మీదే ఎక్కువగా పడుతోంది.

అధికారుల విషయం క్లుప్తంగా: వారి ముందస్తు రిటైర్‌మెంట్, రాజీనామా సైనిక ప్రధాన కార్యాలయం మీదుగా కేంద్ర ప్రభుత్వ ఆమోదానికి వెళ్లాలి. సీవో స్థాయిలో తేలవు.

సెలవు ముగిసినా వెళ్లకపోతే

సైన్యంలో ‘భగోడా’ (పారిపోయినవాడు) అనే ముద్ర పడేది ఇక్కడ. ఆర్మీ చట్టం 39వ సెక్షన్ అనుమతి లేని గైర్హాజరుకు మూడేళ్ల వరకు జైలు చెబుతుంది. అందులో ఒక భాగం సరిగ్గా ఈ వ్యాసం విషయానికే రాసినట్టు ఉంటుంది. సెలవులో ఉన్నవాడు తన దళాన్ని యాక్టివ్ సర్వీసుకు, అంటే శత్రువును ఎదుర్కొనే విధులకు ఆదేశించారని అధికారికంగా తెలిశాక, తగిన కారణం లేకుండా వెంటనే తిరిగి చేరకపోతే అదీ నేరమే. సెలవు రోజులు ఇంకా మిగిలి ఉన్నాయన్నది సమాధానం కాదు.

38వ సెక్షన్ కింద వచ్చే డిజర్షన్, అంటే సైన్యం వదిలి పారిపోవడం, ఇంకా తీవ్రం. యాక్టివ్ సర్వీసులో గానీ, దానికి ఆదేశాలు అందాక గానీ పారిపోతే చట్టంలో గరిష్ఠ శిక్ష మరణం. మిగతా సందర్భాల్లో ఏడేళ్లు. రెండు నేరాల మధ్య తేడా రోజుల సంఖ్యలో లేదు, ఉద్దేశంలో ఉంది. ఇక తిరిగి రాననుకోవడం ఒక్కటే ఆ ఉద్దేశం కాదు. ఫలానా ప్రమాదకర విధిని తప్పించుకోవడానికి మాయమై, అది ముగిశాక వద్దామనుకున్నా డిజర్షన్ కిందికే రావొచ్చు. 1986లో ఒక కెప్టెన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఉద్దేశమే కీలకమని స్పష్టం చేసింది. ‘యూనిట్ వెళ్లిపోయాక రిపోర్ట్ చేస్తే నాలుగు రోజుల శిక్షతో పోతుంది’ అని బ్యారక్‌లో చెప్పుకునే సలహా అందుకే ప్రాణాంతకం. 1977 సెప్టెంబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ఆర్మీ చట్టం కిందున్నవారంతా ఎక్కడ పనిచేస్తున్నా యాక్టివ్ సర్వీసులో ఉన్నట్టేనని ప్రకటించింది. ‘సికింద్రాబాద్‌లో యుద్ధం లేదు కదా’ అన్న వాదన నిలవడం కష్టం.

ఆచరణలో జరిగేది ఇది. గైర్హాజరు సమాచారం సొంత జిల్లా పోలీసులకు అందుతుంది. వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. 30 రోజులు దాటితే 106వ సెక్షన్ కింద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది. ఆ తర్వాతా లొంగిపోకపోతే, పట్టుబడకపోతే డిజర్టర్‌గా పరిగణిస్తారు. సిపాయి కేసుల్లో సీవో నడిపే సమ్మరీ కోర్ట్ మార్షల్ ఏడాది వరకు జైలు, దాంతోపాటు డిస్మిసల్ విధించగలదు. డిస్మిస్ అయితే పింఛను పోతుంది. మూడేళ్లు దాటితే విచారణ జరపకూడదన్న కాలపరిమితి రక్ష కూడా డిజర్షన్‌కు లేదు.

ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సింది మరొకటి ఉంది. డిజర్టర్ అని తెలిసీ ఆశ్రయమివ్వడం భారతీయ న్యాయ సంహిత 164వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష పడే నేరం. మినహాయింపు జీవిత భాగస్వామికే. తల్లికి, అన్నకు, బావమరిదికి లేదు.

సెలవులో నిజంగానే జబ్బు చేస్తే సెలవు ముగిసేలోపే సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్‌లో చూపించుకోవాలి. దూర జిల్లాల వారు ప్రభుత్వ ఆస్పత్రిలో చేరి, యూనిట్‌కు ఫోన్‌తోపాటు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ నకలు దాచుకోవాలి. గడువు దాటిపోయినా, ఐదో రోజున స్వయంగా వెళ్లి చేరినవాడి స్థితి ఐదో నెలలో పోలీసులు పట్టి తెచ్చినవాడి స్థితి కంటే ఎంతో మెరుగు.

మిగతా దేశాల్లో

బ్రిటన్ సైన్యంలో కనీస సర్వీసు నిండాక 12 నెలల నోటీసుతో వెళ్లొచ్చు. అమెరికాలో చేరాక అంతరాత్మ యుద్ధానికి ఒప్పుకోకుండా మారిందని నిరూపించుకుంటే విడుదలకు ఒక ప్రక్రియ ఉంది. అయితే ఆ దరఖాస్తు తేలేలోపు యూనిట్‌తో పాటు పంపవచ్చు, నమ్మకానికి అడ్డురాని పనులు ఇవ్వడానికి మాత్రం ప్రయత్నిస్తారు. ఇరాక్ యుద్ధకాలంలో గడువు ముగిసినవారినీ ‘స్టాప్ లాస్’ పేరుతో ఆపారు. మన చట్టంలో అంతరాత్మ అభ్యంతరానికి ప్రత్యేక దారి లేదు. ఇక్కడ చేరికే స్వచ్ఛందమన్నది దాని వెనకున్న ఆలోచన. పంతొమ్మిదేళ్లకు చేసిన సంతకం ముప్పై ఏళ్ల మనిషిని ఎంతవరకు కట్టాలన్న ప్రశ్న మాత్రం చర్చించదగ్గదే.

అర్జీ తిరస్కరిస్తే

తిరస్కరణ రాతలో తీసుకోవాలి. ఆర్మీ చట్టం 26వ సెక్షన్ కింద పైఅధికారికి ఫిర్యాదు చేసుకోవచ్చు, అధికారులకైతే 27వ సెక్షన్ ఉంది. అక్కడా తేలకపోతే సాయుధ బలగాల ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. తెలుగు రాష్ట్రాలు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. ముందు అంతర్గత మార్గాలు వాడుకోవాలి. ఫిర్యాదుపై ఆరు నెలలైనా ఉత్తర్వు రాకపోతే ట్రైబ్యునల్ తలుపు తట్టొచ్చు. తుది ఉత్తర్వు వస్తే ఆ రోజు నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి. ఈ గడువులు యూనిట్ రైలెక్కే తేదీ కంటే చాలా పొడవు. స్టే ఇవ్వనంతవరకు జవాను చెప్పిన రోజున చెప్పిన చోట రిపోర్ట్ చేసి, కేసును అక్కడి నుంచే నడిపించుకోవాలి. అలా హాజరై ఉన్న సర్వీసంతా 15 ఏళ్ల లెక్కలో కలుస్తూనే ఉంటుంది.